హస్త నుంచి విశాఖ దాకా: పిడులు, తలుపులు, నులక మంచం

సెప్టెంబరు చివరి వారంలో హస్త కార్తె ప్రవేశించినప్పటి నుంచి నవంబరు మూడో వారంలో విశాఖ కార్తె ముగిసే దాకా పల్లెటూరి ఇంట్లో మరమ్మతు పనులకు మంచి అదను. నాట్లూ కలుపులూ అయిపోయి ఉంటాయి, వరి ఈనుతూ ఉంటుంది, కోతలకు ఇంకా వ్యవధి ఉంటుంది. అయితే గాలిలోని చెమ్మ వారానికొక రకంగా మారేది కూడా ఈ కాలంలోనే. కర్ర, నార రెండూ ఆ చెమ్మను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటాయి కాబట్టి ఏ పని వెంటనే చేయాలో, ఏ పని కొన్నాళ్లు ఆపుకోవాలో తెలుసుకోకుండా పూనుకుంటే, దీపావళికి బిగించినది సంక్రాంతికి వదులైపోతుంది. పనిముట్లకు పిడులు వేసుకోవడం, బిగుసుకున్న తలుపును సరిచేసుకోవడం, కుక్కిపోయిన నులక మంచాన్ని మళ్లీ బిగించుకోవడం అనే మూడు పనులను, వాతావరణాన్ని బట్టి ఏది ఎప్పుడు, ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. వీటికి వడ్రంగి కొట్టం అక్కరలేదు. వసారాలో ఒక మూల, ఒక రంపం, ఒక బాడిస, ఉలి, సుత్తి, ఆకురాయి ఉంటే సరిపోతుంది.

నైరుతి రుతుపవనాలు తెలంగాణ నుంచి మామూలుగా అక్టోబరులో వెనుదిరుగుతాయి. ఆ తరువాత అక్కడ ఆకాశం తేటపడి, పగటి ఎండ పొడిగా కాసి, రాత్రిళ్లు మంచు పడడం మొదలవుతుంది. కార్తీకం సగానికి వచ్చేసరికి కర్రలోని వానాకాలపు చెమ్మ చాలా వరకు దిగిపోతుంది. నెల్లూరు, తిరుపతి వైపు దీనికి పూర్తిగా విరుద్ధం. ఈశాన్య రుతుపవనాల వానలు అక్కడ అక్టోబరులో అందుకుని డిసెంబరు దాకా పడతాయి, నెల్లూరు ప్రాంతానికి ఏడాది వానలో పెద్ద వాటా ఈ నెలలదే. ఉత్తరాంధ్ర, గోదావరి, కృష్ణా తీరాలకు ఇది తుఫానుల కాలం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గానీ, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ గానీ ఈ రోజుల్లో వచ్చినవే. అందువల్ల ఒకే పనికి అందరికీ ఒకే తేదీ చెప్పడం కుదరదు. తెలంగాణలో ఉన్నవారు పిడుల పనికి దీపావళి దాటే దాకా నిశ్చింతగా ఆగవచ్చు. తీర ప్రాంతంలో మాత్రం గొడ్డలి పిడి పని ఆగదు; గాలివానకు చెట్టు కూలి దారికి అడ్డంగా పడిన పూట గొడ్డలి సిద్ధంగా ఉండాలి గనుక, కర్ర పూర్తిగా ఆరకపోయినా పిడి వేసేసి, వానలు తగ్గాక మరోసారి చీల (పిడి కొనలో దించే సన్నని కర్రముక్క) బిగించుకోవడమే మేలు.

ఇంట్లో గాలి ఎంత చెమ్మగా ఉందో తెలుసుకోవడానికి పరికరాలేవీ కొనవలసిన పని లేదు. గిన్నెలో పోసిన మరమరాలు మూతలేకుండా ఒక పూట ఉండి కూడా కరకరలాడుతుంటే కర్ర పనికి ఆ రోజు అనుకూలమని, మెత్తబడిపోతే జిగురు పెట్టే పనీ నూనె పట్టించే పనీ వాయిదా వేసుకోవాలని గ్రహించవచ్చు. పొడి వాతావరణం ఉన్న రోజుల్లో కూడా తెల్లవారుజామున మంచుకు అన్నీ చెమర్చి ఉంటాయి కాబట్టి ఉదయం పది గంటల తరువాత మొదలుపెట్టి, పొద్దు వాలకముందే ముగించడం మంచిది.

కర్ర ఆరిందో లేదో చూసుకోవడం

కర్ర చెమ్మ పీల్చినప్పుడు అడ్డంగా ఉబ్బుతుంది, ఆరినప్పుడు అడ్డంగానే ముడుచుకుంటుంది. పొడవులో మార్పు దాదాపు ఉండదు. వానాకాలంలో బిగుతుగా కూర్చున్న పార పిడి మాఘమాసంలో లటలటలాడడానికీ, శ్రావణంలో తలుపు గడపకు పట్టేయడానికీ కారణం ఇదే. పచ్చి కర్రతో వేసిన పిడి ఎంత బిగించినా నిలవకపోవడానికి కూడా ఇదే కారణం.

పిడికి మన ప్రాంతంలో నల్లతుమ్మకు మించిన కర్ర లేదని నా అభిప్రాయం. అందులోనూ ఎర్రగా, బరువుగా ఉండే చేవ భాగమే పనికి వస్తుంది. చేవ చుట్టూ ఉండే తెల్లచెక్కకు పుచ్చు పురుగు ఇట్టే పట్టి, కొన్ని నెలలలోనే పిండి రాలుతుంది. తీరంలో సులువుగా దొరుకుతుంది కదా అని సరుగుడు కర్ర వాడేవారున్నారు. అది గట్టిదే గాని ఆరేటప్పుడు నిలువునా పగుళ్లు వేస్తుంది, కాబట్టి బాగా ఆరిన ముక్కనే ఎంచుకోవాలి.

కిందటి వేసవిలో కొట్టి, నీడలో పెట్టుకున్న కర్ర ఉంటే మంచిదే. అది ఆరిందో లేదో అనుమానముంటే ముక్కను కాటాపై తూచి, ఆ బరువును బొగ్గుతో దానిమీదనే రాయాలి. వారం తరువాత మళ్లీ తూచినప్పుడు బరువు తగ్గితే ఇంకా ఆరుతున్నదన్నమాట. వరుసగా రెండు మూడు వారాలు బరువు కదలకుండా నిలిస్తే అది మన ఊరి గాలికి అలవాటు పడినట్టే. ఇప్పుడు కొత్తగా కర్ర కొట్టుకునేవారు దానిని ఈ ఏటి పనికి ఆశించకూడదు. కోసిన రెండు కొనలకూ పేడ గాని పాత రంగు గాని దట్టంగా పూసి, నేలకు తగలకుండా ఇటుకల మీద పేర్చి, గాలి ఆడే నీడలో వచ్చే ఏటి కోసం దాచుకోవాలి. కొనల నుంచే తడి తొందరగా పోతుంది కాబట్టి వాటిని మూయకపోతే అక్కడి నుంచి పగుళ్లు మొదలవుతాయి. త్వరగా ఆరుతుందని ఎండలో పడేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి.

పిడి వేయడం

దసరా ఆయుధపూజకు పనిముట్లన్నిటినీ ఎలాగూ బయటికి తీసి కడుగుతారు గనుక, ఏది వదులైందో, ఏది తుప్పు పట్టిందో చూసుకోవడానికి అంతకంటే మంచి రోజు లేదు. పూజ అయిన మర్నాడు మాత్రం ఇనుము మీది పసుపు కుంకుమలను తప్పక తుడిచెయ్యాలి. తడితో కలిసిన ఆ పూత కిందనే కొత్త తుప్పు పుడుతుంది. పట్టిన తుప్పును ఇటుక పొడి, కిరసనాయిలు కలిపిన గుడ్డతో రుద్ది వదిలించి, కుట్టుమిషను నూనెను పలుచగా పట్టించి ఉంచాలి.

విరిగిన పిడిని తీయడానికి చాలామంది పనిముట్టును పొయ్యిలో పెట్టి కర్రను కాల్చేస్తారు. ఇది చేయకూడని పని. కమ్మరి ఆ అంచుకు పెట్టిన పదును నీటి గట్టిదనం మంట వేడికి పోతుంది. తరువాత ఎంత సాన పట్టినా అంచు నిలవదు. మిగిలిన కర్రను కన్నం దగ్గర రంపంతో కోసేసి, లోపలి ముక్కకు బరమాతో రెండు మూడు బెజ్జాలు వేసి, ఇనుప చువ్వతో కొడితే అదే ఊడి వస్తుంది.

కన్నాన్ని రెండు వైపుల నుంచీ కొలిచి చూడాలి. పిక్కాసు వంటి వాటికి పైవైపు కన్నం వెడల్పుగా ఉండి, పిడి లావు కొన అక్కడ కూర్చుంటుంది; పిడిని పైనుంచి దూర్చి లాగితే, పని చేసేకొద్దీ అదే బిగుస్తుంది గనుక చీలతో పని లేదు. గొడ్డలికీ సుత్తికీ పిడిని కిందినుంచి ఎక్కించి, పైన చీల దించి బిగించాలి. కొత్త పిడి పొడవు ఎంత ఉండాలన్నదానికి నియమాలు వెతుక్కోవడం కంటే, చేతికి అలవాటైన పాత పిడినే పక్కన పెట్టి గీత గీసుకోవడం మేలు.

ముక్కను ఎంచేటప్పుడు కొనవైపు వలయాలు చూడాలి. గొడ్డలి అంచు ఏ దిక్కున ఉంటుందో వలయాల గీతలు కూడా ఆ దిక్కునే ఉండేలా పిడిని తిప్పి పెట్టుకుంటే దెబ్బను బాగా ఓర్చుకుంటుంది. పొడవునా ఈనె, అంటే కర్రలోని పీచు గీత, సూటిగా సాగాలి. మధ్యలో పక్కకు జారిపోయినా, కణుపు ఉన్నా ఆ చోటే విరుగుతుంది. రంపంతో కోసిన దానికంటే గొడ్డలితో చీల్చిన ముక్క నయం, ఎందుకంటే చీలిక ఈనె వెంబడే నడుస్తుంది.

బాడిసతో ఉజ్జాయింపుగా చెక్కి, చిత్రిక పట్టి, కన్నంలోకి వెళ్లే భాగాన్ని కొంచెం లావుగానే ఉంచాలి. ఇక్కడి నుంచి ఓపిక కావాలి. దీపం మసిని కన్నం లోపలి గోడలకు పూసి, పిడిని దూర్చి, రెండు దెబ్బలు వేసి బయటికి తీయాలి. కర్ర మీద ఎక్కడ నల్లగా అంటుకుందో అక్కడే ఒత్తుకుంటున్నదన్నమాట. ఆ నల్లటి మచ్చలను మాత్రమే ఆకురాయితో గీకి, మళ్లీ మసి పూసి, మళ్లీ దూర్చి చూడాలి. మొదట్లో మచ్చ ఒక పక్కనే, వేలిగోరంత ఉంటుంది. పని సాగేకొద్దీ చుట్టూతా పలుచగా పరుచుకుంటుంది. అలా అన్ని వైపులా సమానంగా నలుపు పట్టినప్పుడు పిడి కన్నానికి కుదిరినట్టు. తొందరపడి ఒకేసారి ఎక్కువ తీసేస్తే ఆ సందును చీల ఎంత లావుదైనా పూడ్చలేదు.

ఎక్కించే ముందు పిడి పైకొనకు, కన్నం లోతులో మూడింట రెండు వంతుల దాకా, కన్నం పొడుగు వెంట రంపంతో ఒక కోత పెట్టాలి. తరువాత పిడిని చేతిలో నిలువుగా, గొడ్డలి కిందివైపు వేలాడేలా పట్టుకుని, పిడి అడుగు కొన మీద కర్రసుత్తితో కొట్టాలి. నేలకు ఆనించి గొడ్డలి మీద కొట్టడం కంటే ఇది తేలిక. ప్రతి దెబ్బకూ పిడి కిందికి దిగుతుంది, బరువైన గొడ్డలి మాత్రం తన చోటనే ఉండిపోతుంది. ఆ విధంగా అది పిడి మీద కొంచెం కొంచెంగా పైకెక్కి కూర్చుంటుంది. పిడి కొన పైకి కాస్త పొడుచుకు వచ్చాక, బాగా ఆరిన తుమ్మచేవతో చేసిన సన్నని చీలను కోతలోకి దించి, ఇక దిగనని మొరాయించే దాకా కొట్టాలి. మిగిలిన కొనను కన్నంతో సమానంగా కోసేయకుండా రెండు మూడు మిల్లీమీటర్లు వదిలితే, అది విచ్చుకుని పనిముట్టును జారిపోకుండా ఆపుతుంది.

వదులైన గొడ్డలిని రాత్రంతా నీళ్ల తొట్టిలో పడేసి బిగించడం అందరికీ తెలిసిన ఉపాయమే. ఒక పూట పనికి అది పనికి వస్తుంది, కాదనను. అయితే ఉబ్బిన కర్ర ఇనుప కన్నంలో చోటు లేక నలిగిపోతుంది. ఆరాక మునుపటికంటే సన్నబడుతుంది. ప్రతిసారీ నీళ్లలో నానేసే గొడ్డలి పిడి చివరకు ఎన్ని చీలలకూ లొంగదు.

కొడవలి పిడి పద్ధతి వేరు. వరికోతలు కార్తీకం చివరనో మార్గశిరంలోనో పడతాయి కాబట్టి, కక్కు (అంచు పళ్లు) అరిగిన కొడవళ్లను ముందుగా కమ్మరి దగ్గరకు పంపించుకుని, ఆ తరువాతే పిడి సంగతి చూసుకోవాలి. కోతమిషన్లు వచ్చాక కొడవలితో పనేమిటని అనిపించవచ్చు గాని, గాలివానకు పడిపోయిన చేనుకూ, గట్ల వారకూ, మిషను దిగలేని బురద మడికీ నేటికీ కొడవలే దిక్కు. కొడవలి తోక కంటే కొంచెం సన్నగా బెజ్జం వేసి, పిడి మూతికి ఇత్తడి పొన్ను (కట్టు) తొడిగి, బెజ్జంలో లక్క పొడి నింపాలి. కొడవలి అలుగుకు తడిగుడ్డ చుట్టి, తోకను మాత్రమే కాల్చి లోపలికి దించితే లక్క కరిగి సందులన్నీ నిండి, చల్లారగానే గట్టిపడుతుంది. పొన్ను లేకుండా దించితే పిడి మూతి చీలే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ చిన్న ఖర్చుకు వెనకాడకూడదు.

పిడిని ఉప్పుకాగితంతో నునుపు చేసే ముందు, పగిలిన గాజుపెంకుతో ఈనె వెంబడి గీకితే బాడిస గాట్లన్నీ పోతాయి. పెంకును మందపాటి గుడ్డలో పట్టుకోవాలి. వార్నిష్ వేయడం నాకు నచ్చదు, ఎందుకంటే చెమట పట్టినప్పుడు అది చేతిలో జారి బొబ్బలు తెస్తుంది. అవిసె నూనెను పలుచగా పట్టించి, పావుగంట తరువాత మిగులు నూనెను తుడిచేసి, ఒక్కో పూత పూర్తిగా ఆరాక మరొకటి వేస్తే చేతికి పట్టు దొరుకుతుంది. ఆముదం ఎన్నాళ్లున్నా ఆరదు గనుక ఈ పనికి పనికిరాదు. ఉత్తరాంధ్ర తీరంలో పడవలకు పూసే జీడి నూనె కర్రను పురుగు నుంచి బాగా కాపాడుతుంది గాని, ఒంటికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. పిడులకు దాన్ని వాడనే కూడదు, పందిరి గుంజలకూ పశువుల పాక నిట్రాళ్లకూ సరిపెట్టుకోవాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయవద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి, గుడ్డల కుప్ప దానంతట అదే అంటుకోగలదు. వాటిని ఆరుబయట తీగమీద పరిచి ఆరేసి, తరువాత పారేయాలి.

బిగుసుకున్న తలుపు

ఈ పని గురించి చెప్పవలసిన ముఖ్యమైన మాట, భాద్రపదంలోనూ ఆశ్వయుజంలోనూ తలుపుకు చిత్రిక పట్టవద్దని. అప్పుడు తీసేసిన చెక్క మార్గశిరానికి సందుగా మారి, చలిగాలినీ బల్లులనూ లోపలికి రానిస్తుంది. టేకు తలుపులు తేమకు పెద్దగా ఉబ్బవు. వేప, తుమ్మ తలుపులతోనే ఎక్కువ బాధ. వానలు వెళ్లే దాకా రాసుకునే అంచుకు కొవ్వొత్తి మైనం రుద్ది సరిపెట్టుకోవాలి.

అసలు తలుపు ఉబ్బిందా, లేక వాలిందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. గడియ వైపు కింద మాత్రమే నేలకు రాస్తుంటే పైబందు మరలు వదులయ్యాయని అర్థం. మరను తీసి, ఆ బెజ్జంలో జిగురు ముంచిన అగ్గిపుల్లలు నిండుగా దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ బిగిస్తే చాలా తలుపులు చిత్రిక అక్కరలేకుండానే సర్దుకుంటాయి. మంచి ఎండలు కాసి రెండు మూడు వారాలైనా ఇంకా పట్టేస్తుంటే, అంచుకు సుద్దముక్క రుద్ది తలుపు వేసి తీయాలి. ద్వారబంధానికి సుద్ద అంటిన చోటికి ఎదురుగా ఉన్న భాగాన్ని మాత్రమే, పలుచగా తీయాలి. తలుపును దించినప్పుడే దాని పై అంచుకూ అడుగు అంచుకూ రంగు వేయించాలి. కంటికి కనపడని ఆ రెండు అంచులను రంగులవారు దాదాపు ఎప్పుడూ వదిలేస్తారు, చెమ్మ ఎక్కువగా ఎక్కేది అక్కడి నుంచే.

నులక మంచం

పేనిన నార కర్రలా కాదు, తడిస్తే పొడవు తగ్గుతుంది. పీచులు ఉబ్బి పురి బిగుసుకోవడం వల్ల తాడు కురచవుతుంది. ఆరాక మళ్లీ సాగుతుంది. వానలో వదిలేసిన మంచం ఒక కోడు (కాలు) నేలకు ఆనకుండా మెలి తిరగడానికి కారణం, తడిసిన నులక పట్టెలను (చట్రం కర్రలను) నాలుగు వైపుల నుంచీ లాగడమే. కాబట్టి ముసురు రోజున బిగించిన మంచం ఎండ కాయగానే కుక్కిపోతుంది. ఎండ రోజున శక్తి కొద్దీ బిగించిన మంచం తరువాతి ముసురుకు మెలి తిరుగుతుంది. వానలు పూర్తిగా వెనక్కి తగ్గే దాకా ఒక మోస్తరుగా బిగించి, తరువాత గట్టిగా బిగించుకోవాలి. నెల్లూరు వైపు వారికి ఆ రెండో బిగింపు డిసెంబరు దాటాకనే కుదురుతుంది.

మొదట చట్రాన్ని చూడాలి. మంచాన్ని సమంగా ఉన్న బండల మీద పెట్టి, ఒక తాడుతో మూల నుంచి ఎదుటి మూలకు రెండు వైపులా కొలిస్తే, రెండు కొలతలూ ఒకటే అయితే చట్రం చదరంగా ఉన్నట్టు. తేడా ఉన్నా, కోడు పైకి లేచినా, కాళ్లవైపు అల్లికను పట్టెకు లాగి కట్టే బిగింపుతాడును పూర్తిగా వదులు చేసి, లేచిన మూల మీద ఒకటి రెండు రోజులు బరువు పెట్టి ఉంచాలి. పట్టెలు కోళ్లలో దిగే సందుల్లో నల్లులుంటే ఈ అవకాశంలోనే మసిలే నీళ్లు పోసి వదిలించుకోవచ్చు. అయితే ఆ తడి పూర్తిగా ఆరడానికి మంచి ఎండ రోజులు చేతిలో ఉండాలి.

బిగింపుకు ఇద్దరు కావాలి. తాడు చివరి ముడి విప్పి, దానికి దూరంగా ఉన్న మూల దగ్గర మొదలుపెట్టాలి. ఒకరు కాళ్లవైపు పట్టెకు పాదం తన్నిపట్టి మొదటి చుట్టును లాగితే, రెండోవారు ఆ చుట్టును పట్టె మీద బొటనవేలితో అదిమి పట్టుకోవాలి. లాగినప్పుడు వచ్చిన వదులును రెండో చుట్టుకు, అక్కడి నుంచి మూడో చుట్టుకు జరుపుకుంటూ చివరి దాకా పోవాలి. మొదటి విడతలో మూరెడు తాడు మిగిలి వస్తే, రెండో విడతలో జానెడు వస్తుంది, మూడో విడతలో దాదాపు ఏమీ రాదు. అరచేత్తో అల్లిక మధ్యలో కొడితే డప్పున మోగాలి, అంచుల్లోనూ మధ్యలోనూ శబ్దం ఒకేలా ఉండాలి. ఒక పక్క మొద్దుగా మోగితే ఆ పక్క చుట్లు ఇంకా వదులుగా ఉన్నట్టు. చివరకు పీటముడి వేయకుండా, మిగిలిన తాడును చుట్ల మధ్యగా తిప్పి దోపాలి, వారం తరువాత మళ్లీ విప్పవలసి ఉంటుంది గనుక. తేమ పట్టని తాడని బిగింపుకు సన్నని నైలాన్ తాడు వాడేవారున్నారు. అది తేమకు మారదన్నది నిజమే గాని, నులకను కోసేస్తుంది. లావుపాటి నూలుతాడు గాని కొబ్బరితాడు గాని వాడడం మంచిది.

నులక పేట తెగిన చోట ముడి వేస్తే పడుకున్నప్పుడు వీపుకు గుచ్చుకుంటుంది. తెగిన కొన పురిని జానెడు మేర విప్పి, కొత్త నులక కొన పురిని కూడా అంతే విప్పి, రెండింటి పాయలను ఎదురెదురుగా కలిపి మళ్లీ పేనాలి; ఆ అతుకును అల్లికలో రెండు పేటల కిందుగా దూర్చి వదిలితే, మనిషి బరువు పడినప్పుడు అదే బిగుసుకుంటుంది. గోగునారతో పేనిన నులకకు ఈ అతుకు బాగా కుదురుతుంది. కొబ్బరి పీచుకు పాయలు జారుతాయి కాబట్టి అతుకు పొడవు రెట్టింపు పెట్టాలి. బిగించిన మంచం మీద మొదటి వారం పిల్లలను గంతులు వేయనివ్వకుండా, పెద్దలే పడుకుని, వారం తిరిగాక ఒక పొడి మధ్యాహ్నం పూట బిగింపుతాడును మరొక్కసారి లాగి దోపితే ఆ ఏడాదికి దాని జోలికి వెళ్లవలసిన అవసరం ఉండదు.